కమాను కింద బండి

ఆ ఆదివారం పొద్దున డిపో గారు వేసుకున్న పథకంలో ఎక్కడా మెలిక లేదు. ఎండెక్కకముందే బండి వస్తుంది. గేటు మీది కమాను కింద నుంచి ఠీవిగా కాలనీలోకి నడిచి వస్తుంది. అందరూ కళ్ళారా చూస్తారు, తలా కాస్త రుచి చూస్తారు, చేతులెత్తి ఓటేస్తారు. భోజనాల వేళకి సంఘానికి సొంత ఫుడ్ ట్రక్కు ఉంటుంది.

డిపో గారంటే కాలనీ సంఘం అధ్యక్షుడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ బస్సు డిపోకి మేనేజరుగా చేశారు. రిటైరై ఏళ్ళు గడిచినా కాలనీలో ఎవరూ ఆయన్ని వేరే పేరుతో పిలవరు, పిలిచినా ఆయన పలకరు. ఒకప్పుడు తెల్లవారుతూనే ఆయన చెయ్యి ఊపితే బస్సులు బారులు తీరి కదిలేవి. ఇప్పుడు ఆయన మాట వినేది మేడ మీది నీళ్ళ మోటారొక్కటే, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. ఆయన మనసులో కోరిక చాలా చిన్నది. తన అజమాయిషీలో ఒక్క బండి ఉండాలి. ఒక్కటంటే ఒక్కటి. పైకి మాత్రం ఆ ముక్క అనకుండా, సంఘానికి ఆదాయం, నివాసులకు వేడివేడి తిండి అంటూ నెల రోజులుగా గడపగడపకీ తిరిగి ఊదరగొట్టారు.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డ భర్తని చూసి ఆయన భార్య నవ్వాపుకుంది.

"ఏమండీ, మీటింగుకా, పెళ్ళిచూపులకా?"

"బండొస్తోందోయ్!"

"రానివ్వండి. నేను మాత్రం చెయ్యెత్తను. తర్వాత నన్ననొద్దు, ముందే చెబుతున్నా."

"కట్టుకున్నదానివి నువ్వే ఎత్తకపోతే అవతలివాళ్ళెందుకెత్తుతారు?"

"మన వంటింటి కిటికీ కిందేగా దాన్ని నిలబెట్టేది? పొగంతా పీల్చేది నేనేగా? ఆ మాత్రం చెప్పుకునే హక్కు నాకుంది."

డిపో గారు చొక్కా కాలరు సర్దుకుని బయటపడ్డారు. ఇంట్లో ఓటు పోయినా కాలనీలో గెలవొచ్చని ఆయన ధీమా.

కాలనీలో అసలు ప్రతిపక్షం పళ్ళ డాక్టరు గారు. బండి వద్దనడానికి ఆయన దగ్గర కారణాల మూట ఉంది. వాసనొస్తుంది, పిల్లులు చేరతాయి, గిన్నెల చప్పుడుకి కునుకు పట్టదు, బయటి తిండితో పళ్ళు పాడవుతాయి. చివరిది ఆయన వ్యాపారానికి లాభమే కదా అని ఎవరో అడిగితే, తనది సేవాదృక్పథమని ముఖం మాడ్చుకున్నారు. అన్నిటికీ మించి పోయిన సమావేశంలో ఒక బాంబు పేల్చారు. ఆ బండి అసలు మన కమాను కింద పట్టనే పట్టదట.

డిపో గారికి ఆ మాట గుండెలో గుచ్చుకుంది. బండి పడుతుందో లేదో కంటితో చూసి చెప్పడం ఆయన జీవితకాలపు విద్య. ఆయన చూసి పంపిన బస్సు ఏ వంతెన కిందా ఆగింది లేదు. వెళ్ళి బండిని చూసొచ్చారు, కమానును చూశారు, పడుతుందని నలుగురిలో చెప్పారు. దాంతో ఓటు సంగతి అటుంచి, ఇప్పుడాయన కంటిచూపే పణంగా పడింది.

బండి అనుకున్న వేళకే వచ్చింది. పసుపు రంగు వేసి, నెత్తిన పొగగొట్టం పెట్టుకుని, కొత్తగా కడిగి తుడిచిన దానిలా ముద్దుగా ఉంది. నడిపేదీ వండేదీ దాని యజమానే. ఎక్కడ నిలబెట్టినా గిరాకీ లేక విసుగెత్తి అమ్మకానికి పెట్టాడు పాపం. ఆమ్లెట్లు, వేయించిన బంగాళాదుంపలు, రొట్టెలు, కాఫీ అతని సరుకు. "అందరికీ కడుపునిండా రుచి చూపించాలి" అని డిపో గారు చెప్పినందుకు బంగాళాదుంపల బస్తాలూ గుడ్ల అట్టలూ నిండుగా ఎత్తించి, నీళ్ళ ట్యాంకు పొర్లేదాకా నింపి మరీ తెచ్చాడు.

గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీల్లో కాలనీ అంతా కొలువుదీరింది. డిపో గారు నోట్లో ఈల పెట్టుకుని, రెండు చేతులూ ఊపుతూ, వెనక్కి వెనక్కి నడుస్తూ బండిని లోపలికి పిలిచారు. ముందు భాగం గేటు దాటింది. పొగగొట్టం కమాను కిందికి వచ్చింది. అక్కడ డిపో గారు ఈల గట్టిగా ఊదారు.

"ఆపు! అక్కడే ఆపు!"

బండి ఆగింది. సగం కాలనీలో, సగం వీధిలో. డిపో గారు కుర్చీ తెప్పించుకుని ఎక్కి, పొగగొట్టానికీ కమానుకీ మధ్య చూపుడు వేలు పెట్టారు.

"డాక్టరు గారూ, దయచేసి ఇటు చూడండి. వేలు దూరింది!"

"మీ వేలు సన్నం."

"అయితే మీ వేలే పెట్టి చూడండి."

"నా వేళ్ళు రోగుల నోట్లో పెట్టడానికండీ, మీ కమానులో పెట్టడానికి కాదు."

కాలనీ గొల్లుమంది. కానీ వేలు దూరడం అందరూ చూశారు. డిపో గారి ఛాతీ చొక్కా గుండీలకి పరీక్ష పెట్టింది. అక్కడితో ఆగి బండిని లోపలికి పిలిచేసి ఉంటే ఈ కథ లేదు. కానీ గెలిచిన దృశ్యాన్ని కాసేపు అలాగే నిలబెట్టి అందరికీ చూపించాలనిపించింది.

"ఇక్కడే ఉండనివ్వండి. చర్చ అయ్యాక, ఓటు గెలిచి, అప్పుడు లోపలికి వస్తుంది" అన్నారు.

పాపం ఆయన ఆ సంఘం ఆనవాయితీని లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ చెయ్యెత్తిన ప్రతివాళ్ళూ మాట్లాడాలి. మాట్లాడినవాళ్ళకి బదులు చెప్పడానికి మిగిలినవాళ్ళు మళ్ళీ చెయ్యెత్తొచ్చు. కార్యదర్శి లెక్కల టీచరు. ఎవరి వంతు తర్వాత ఎవరి వంతో ఆవిడ తప్పనివ్వదు, ఎవరినీ మధ్యలో కూర్చోబెట్టదు. వాసన గురించి ఒకరు మాట్లాడితే, వాసన మంచిదేనని ఇంకొకరు. గిన్నెలెవరు కడగాలని ఒకరు, అసలు గిన్నెలెందుకని ఇంకొకరు. బండికి ఏ రంగు వేయాలనే దగ్గర రెండు వర్గాలు కొత్తగా పుట్టాయి. డిపో గారి భార్య లేచి, "పొగ" అని ఒక్క మాటతో మొదలుపెట్టి పొగ మీద అంత సేపు మాట్లాడగలదని ఆయనకీ తెలియదు.

ఇదంతా లోపల. వీధిలో వేరే భాగవతం నడుస్తోంది. ఎదుటి మైదానంలో పరుగుపందెం అయిపోయి, ఆకలితో నకనకలాడుతున్న జనం గేటు ముందు నుంచి పోతున్నారు. వాళ్ళకి కనిపించింది ఏమిటి? కొత్త పసుపు బండి, పైన కమాను, వేగుతున్న బంగాళాదుంపల వాసన. ఏదో ప్రారంభోత్సవం అనుకున్నారు. వడ్డించే కిటికీ వీధిలో ఉన్న సగంలోనే ఉంది. బండాయన, అందరికీ రుచి చూపించమన్నారు కదా, ఈ వచ్చినవాళ్ళు కూడా సభ్యులేననుకున్నాడు. ఆమ్లెట్ మీద ఆమ్లెట్ వేస్తున్నాడు. మొదటివాళ్ళు డబ్బులిస్తే ఆశ్చర్యపోయాడు గానీ కాదనలేదు.

చర్చలో ఎవరికో ఆకలేసింది. "బండిని లోపలికి రానిచ్చి, తింటూ మాట్లాడుకుందాం" అనగానే, ఆ రోజంతటిలో మొదటిసారి సభ మొత్తం ఒక్కమాట మీదికి వచ్చింది. డిపో గారు ఈల వేశారు. బండాయన బండిని ముందుకి లాగించాడు. పైన కర్రుమని చప్పుడైంది. వెనక్కి లాగించాడు. మళ్ళీ కర్రు. పొగగొట్టం కమానుకి కరుచుకుని ఉంది. ఇందాక వేలు దూరిన చోట ఇప్పుడు కాగితం ముక్క దూరదు.

డాక్టరు గారు నెమ్మదిగా లేచి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నేను ముందే చెప్పాను. చెప్పానా లేదా? కొలత తప్పింది."

"తప్పలేదు" అన్నారు డిపో గారు.

"తప్పకపోతే ఇరుక్కుంటుందా?"

డిపో గారికి తల కొట్టేసినట్టయింది. కాలనీ ముందు, భార్య ముందు, ఆఖరికి ఒక వంటబండి ముందు! టైర్ల గాలి తీసేయండని ఎవరో అన్నారు. మళ్ళీ గాలి కొట్టేవాడు ఆదివారం దొరకడని బండాయన లోపల్నించే అరిచాడు. డిపో గారు కుర్చీలో కూర్చుని కమాను వంక చూస్తూ ఉండిపోయారు.

అంతలో డాక్టరు గారి ఫోను మోగింది. ఒక రోగి పంటినొప్పితో విలవిల్లాడుతూ క్లినిక్కుకి బయల్దేరాడట. డాక్టరు గారు గేటు దగ్గరికి పరిగెత్తారు. గేటుంటే కదా! స్తంభాలకీ బండికీ మధ్య పిల్లి దూరే సందే ఉంది. కాలనీలోంచి వీధిలోకి వెళ్ళాలంటే ఇప్పుడొకటే దారి. ముందు తలుపులోంచి బండి ఎక్కి, వంటగది గుండా నడిచి, వెనక తలుపులోంచి దిగాలి. తాను వద్దన్న బండిలోకి ఆయన తల వంచుకుని ఎక్కారు.

వంటగదిలోకి వెళ్ళేసరికి కిటికీ అవతల వీధంతా జనం. డాక్టరు గారు ఆవేశంగా తల బయటపెట్టి, "ఏమీ లేదు, వెళ్ళిపోండి, వెళ్ళిపోండి!" అని చేతులూపారు. సరుకు అయిపోతోంది కాబోలని వరుస ఒక్కసారిగా ముందుకి తోసుకొచ్చింది. ఆ తోపులాటలో అందరికంటే ముందున్న మనిషి ఎడమ చెంప మీద చెయ్యేసుకుని రొట్టె నములుతున్నాడు.

"మీరు నాకు ఫోన్ చేసిన ఆయన కదూ? పంటినొప్పన్నారు?"

"నొప్పి ఎడంవైపండీ. తింటున్నది కుడివైపు."

ఈలోగా బండాయన ఉత్త చేత్తో రొట్టెలు అందిస్తుండటం డాక్టరు గారి కంటపడింది. "చేతులకి తొడుగులేవయ్యా?" అని గద్దించి, జేబులోంచి తన తొడుగులు తీసి అతనికి రెండిచ్చి, తనొక రెండు వేసుకుని చూపించారు. వేసుకున్న చేతులు ఊరికే ఉంటాయా? ఎదుట ఆకలిగా చాచిన చేతులున్నాయి. డాక్టరు గారు రొట్టె అందించారు. "భలే వేడిగా ఉందండీ" అన్నాడు తీసుకున్నవాడు. పళ్ళు పీకించుకున్నవాళ్ళెవరూ ఆయనతో అంత సంతోషంగా మాట్లాడిన పాపాన పోలేదు.

పొగ తన కిటికీలోకి వస్తోందని కోపంగా బండెక్కిన డిపో గారి భార్య కూడా తిరిగి దిగలేదు. "ఇవేం ముక్కలయ్యా, ఒకటి లావూ ఒకటి సన్నమూ? ఇట్లా అయితే సగం మాడతాయి, సగం పచ్చిగా ఉంటాయి" అంటూ అతని చేతిలోంచి అట్లకాడ లాక్కుంది. ఆవిడ వెనక సంచీ పుచ్చుకుని వీధిలోకి పోదామనుకున్నవాళ్ళు, వాళ్ళ వెనక వాళ్ళేమయ్యారో చూద్దామని వచ్చినవాళ్ళు. ఒకరు ఉల్లిపాయలు తరిగారు, ఒకరు కాఫీ కలిపారు. వడ్డించినవాళ్ళంతా కిటికీలోంచి "మా బండండీ, మా కాలనీ బండి!" అని చెప్పడం మొదలుపెట్టారు. ఓటు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

సరుకు నిండుకుంది. నీళ్ళ ట్యాంకు అడుగంటింది. లోపలివాళ్ళు ఒక్కొక్కరే దిగి ఇవతలికి వచ్చేశారు. అప్పుడు డిపో గారికి పైన మళ్ళీ చిన్నగా కర్రుమని వినిపించింది. ఇంజను ఆగి ఉంది. బండి కదల్లేదు. మరి చప్పుడేమిటి?

ఆయన లేచారు. ఇస్త్రీ చొక్కా సంగతి మరిచిపోయి నేలమీద కూర్చుని, బండి కిందికి వంగి చూశారు. స్ప్రింగులు! వాటి సంగతి ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నిండు బస్సు కుంగుతుంది, ఖాళీ బస్సు లేస్తుంది. పొద్దున వచ్చినప్పుడు బండి నిండుగా ఉంది. వీళ్ళు చర్చ సాగదీసినంతసేపూ అది తేలికవుతూ, లేస్తూ, పోయి పోయి కమానుని కరుచుకుంది. ఆయన పైకి లేచినప్పుడు మోకాళ్ళకి దుమ్ముంది, కళ్ళలో వెలుగుంది.

"నా కొలత తప్పలేదు! బండే లేచింది! అందరూ ఎక్కండి!"

"ఎక్కడికండీ?" అన్నారు డాక్టరు గారు.

"ఎక్కడికీ కాదు. ఊరికే ఎక్కండి. బరువు కావాలి నాకు, బరువు!"

వెనకంతా వీధి నిండా జనం, కాబట్టి బండి ముందుకే పోవాలి. కాలనీ కాలనీ కదిలింది. బండి వద్దన్నవాళ్ళూ కావాలన్నవాళ్ళూ, ఈ రంగువాళ్ళూ ఆ రంగువాళ్ళూ ఒకరినొకరు లాక్కుంటూ ఎక్కారు. డిపో గారు తలుపు దగ్గర నిలబడి గొంతెత్తారు. అది అధ్యక్షుడి గొంతు కాదు, ఒకప్పుడు డిపో మొత్తాన్ని కదిలించిన గొంతు.

"లోపలికి జరగండి! అక్కడంతా ఖాళీయే! డాక్టరు గారూ, పొయ్యి పక్కకి! టీచర్ గారూ, ఆ గట్టు మీద కూర్చోండి, ఫరవాలేదు!"

బండి ఉఫ్‌మంటూ కుంగింది. ఇంకా కాస్త కుంగాలి. ఎక్కనిది ఒక్క మనిషే. ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ కింద నిలబడి ఆయన్నే చూస్తోంది.

"రావోయ్, నువ్వొక్కదానివే!"

"ఒక మాట చెప్పనా? మీ సర్వీసంతా మీ బస్సొక్కటీ నేనెక్కలేదు. తెల్లారకముందు వెళ్ళేవారు, నేను నిద్రపోయాక వచ్చేవారు. ఇన్నాళ్ళకి మనిషి ఇంటిపట్టున దొరికాడు గదా అనుకుంటే, మళ్ళీ బండంటారేమిటి? పొగా లేదు, ఏమీ లేదు. నాకు భయమేసింది, అంతే."

బండి నిండా జనమున్నారు, అందరూ వింటున్నారు. ఇన్నేళ్ళూ ఎందరినో ఎక్కించి పంపిన మనిషి, ఈమెని ఏనాడూ రమ్మనలేదు. సిగ్గేసింది ఆయనకి, చాలా సిగ్గేసింది. చెయ్యి చాచారు.

"ముందు సీటు నీకే. ఇవాళే కాదు, రోజూ."

ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది. బండి ఇంకో వేలెడు కుంగింది. డిపో గారు ఈల వేశారు. పొగగొట్టం కమానుని వదిలేసి, గీతైనా పడకుండా, బండి మందగమనంతో కాలనీలోకి వచ్చి నిలిచింది. వీధిలోవాళ్ళు చప్పట్లు కొట్టారు. లోపలివాళ్ళు అంతకంటే గట్టిగా కొట్టారు. డాక్టరు గారు అందరికంటే ముందు దిగి, డిపో గారి చెయ్యి పట్టుకుని ఊపేశారు.

"కన్నంటే మీదేనండీ! ఒప్పుకున్నాను."

ఆ మాటతో డిపో గారికి రిటైరైన బాధ సగం తీరింది. మిగతా సగం తీర్చడానికి టీచరు గారు వెంటనే ఓటుకి పెట్టబోయింది. అప్పుడు బండాయన గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క మాటండీ. నేను బండి అమ్మను."

"అదేమిటయ్యా?"

"ఎవరూ తినట్లేదనే కదా సార్ అమ్ముదామనుకున్నది? ఇంత గిరాకీ కళ్ళతో చూశాక ఎవడమ్ముకుంటాడు, మీరే చెప్పండి."

అతను చెప్పింది న్యాయంగానే ఉంది, అదే డిపో గారి బాధ. బండి రేకు మీద ఒకసారి చెయ్యి వేసి, తీసేశారు. భార్య ఆయన ముఖం చూసింది, తర్వాత డాక్టరు గారి ముఖం చూసింది. డాక్టరు గారు తొడుగులు ఒక్కొక్కటే విప్పి జేబులో పెట్టుకున్నారు.

"సరే, మీ బండి మీ ఇష్టం. తీసుకెళ్ళండి" అన్నారు. "మేం మాత్రం ఎక్కం."

బండాయన అర్థం కాక చూశాడు. ఆ తర్వాత ఖాళీగా, తేలిగ్గా, ఎత్తుగా నిలబడ్డ తన బండిని చూశాడు. దాని వెనకున్న కమానుని చూశాడు.

"కాస్త సాయం పట్టండి సార్, ఒక్క నిమిషం ఎక్కి దిగితే..."

"అర్జీ పెట్టుకోండి" అంది టీచరు. "వచ్చే నెల సమావేశంలో చూస్తాం."

"పోనీ ట్యాంకు నిండా నీళ్ళు పట్టుకుని, బస్తాలేవో ఎత్తుకుని..."

"కుళాయి సంఘానిది నాయనా" అంది డిపో గారి భార్య.

బండాయన తల గోక్కున్నాడు. మెట్టు మీద కూలబడి ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ, "ఒంటరిగా తిరిగి తిరిగి నాకూ విసుగొచ్చిందిలెండి. ఇందాక ఇంతమంది చుట్టూ ఉంటే వంట చేసినట్టే లేదు, పండగలా ఉంది. బండి మీరు తీసుకోండి, పొయ్యి దగ్గర నన్నుండనివ్వండి. అమ్మా, వంట నాదేగా?" అన్నాడు.

"వంట నీదే. ముక్కలు నేను కోస్తా" అంది ఆవిడ. అని, సభలో అందరికంటే ముందు తనే చెయ్యెత్తింది.

డిపో గారు ఎత్తిన చేతులన్నిటినీ చూశారు గానీ, ఆయన కంటికి ఆనింది ఆ ఒక్క చెయ్యే. ఏ డిపోలోనూ, ఏ తెల్లవారుజామునా తాను అంత గర్వంగా నిలబడలేదని ఆయన తర్వాత చాలామందికి చెప్పారు.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. బండి యజమాని సంఘ సభ్యుడు కానందున ఆయన్ను ఓటడగలేదు.